తిరుపతి హాస్టల్లో ఉన్న మా చెల్లి తిన్నాక వాంతి చేసుకుంటోందట. బరువు తగ్గలేదు. ఎవరికి చూపించాలి?

బరువు తగ్గలేదని ఊరుకోకండి. ఇది బులీమియా (అతిగా తినేసి, బరువు పెరుగుతామన్న భయంతో వాంతి చేసుకునే మానసిక సమస్య) కావచ్చు, అందులో మనిషి సన్నబడకపోవచ్చు. పదేపదే వాంతి చేసుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే ముందు జనరల్ ఫిజీషియన్‌కి ఉన్నదున్నట్టు చెప్పి రక్తపరీక్ష, ఈసీజీ చేయించండి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండెదడ వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

తర్వాత సైకియాట్రిస్ట్‌కి చూపించండి. రుయా ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. రావడానికి తను జంకితే ముందు మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చెల్లితో లావు, సన్నం మాట ఎత్తొద్దు. "నీ టెన్షన్ నాకు చెప్పమ్మా, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా" అనండి. తను శనివారం ఒక్కపొద్దు ఉంటే, అది మిగతా రోజులకీ పాకుతోందేమో గమనించండి, అదీ డాక్టర్‌కి చెప్పాల్సిందే.