ఫ్యాటీ లివర్‌కి లో-కార్బ్ మంచిదే, కానీ తీసేసినవాటి చోట ఏం తింటున్నారు?

మీరు రెండు విషయాలు అడిగారు. గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది, లో-కార్బ్ మొదలుపెట్టవచ్చా అన్నది ఒకటి. పిండిపదార్థాలు మానేస్తే కొవ్వు ఎక్కువ తినాల్సి వస్తుంది కదా, అదంతా పోయి మళ్లీ లివర్‌లోనే చేరదా అన్నది రెండోది. చివర్లో కాఫీ కూడా మానాలా అని ఉంది. మొదటిదానికి నా జవాబు ఒక్క మాటే: మొదలుపెట్టండి. రెండోదాని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో పెద్ద వాదనే నడిచింది దాని మీద.

నాకు గ్రేడ్ 2 అని కొన్నేళ్ల కిందట తేలింది. నొప్పి లేదు, నీరసం లేదు. ఇంకేదో కారణానికి పొట్ట స్కాన్ చేయించుకుంటే బయటపడింది. స్కాన్ చేసిన డాక్టర్‌గారు ఓపికగా స్క్రీన్ నా వైపు తిప్పి, "ఇది కిడ్నీ, ఇది లివర్. మామూలుగా రెండూ ఇంచుమించు ఒకే రంగులో కనిపించాలి" అన్నారు. కిడ్నీ ముదురు బూడిద రంగులో ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న లివర్ మాత్రం తెల్లగా వెలిగిపోతోంది. లోపలికి వెళ్లేకొద్దీ బొమ్మ మసకబారి, అడుగున డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కిందుండే కండరపు పొర) గీత ఉండీ లేనట్టుంది. చదువుకున్న రిపోర్ట్ కన్నా ఆ తెలుపే నన్ను కదిలించింది.

తర్వాత కొన్నాళ్లకే మా అన్నయ్యకీ అదే రిపోర్ట్ వచ్చింది. ఇద్దరం లో-కార్బ్ అనే అనుకున్నాం, దారులు మాత్రం వేరు. అన్నయ్య పూర్తి కీటోలోకి దిగాడు. వెన్న, మీగడ, చీజ్, మాంసం. కాఫీలో కూడా వెన్న. నేను చక్కెర, జ్యూస్‌లు, కూల్‌డ్రింకులు, మైదా పూర్తిగా ఆపేసి, అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీని గుడ్లు, చేపలు, పప్పులు, కూరగాయలు, వాల్‌నట్స్, ఆలివ్ నూనెతో నింపాను. అన్నయ్య లెక్కలో నాది లో-కార్బే కాదు. రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థం తింటే లో-కార్బ్ అనే అంటారు, 20 నుంచి 50 గ్రాముల దగ్గరికి దిగితే అది కీటో అని చెప్పినా వినేవాడు కాదు.

కొన్ని నెలలయ్యాక ఒక సాయంత్రం ఇద్దరం రక్తపరీక్షల కాగితాలు టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నాం. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్ ఇద్దరికీ తగ్గింది. బరువు అన్నయ్యకే ఎక్కువ తగ్గింది. "ఒరేయ్, చూశావా? వెన్న తిన్నవాడికే ఎక్కువ తగ్గింది" అన్నాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు, ఆ సంతోషం చెడగొట్టాలని నాకు లేదు. కానీ కాగితం కింది భాగంలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 190 దాటి ఉంది. పక్కన ముద్దగా ఎర్ర గుర్తు.

"అన్నయ్యా, కింద లైను కూడా చదువు" అన్నాను.

"అది గుండె సంగతి. మనం చూస్తున్నది లివర్" అన్నాడు.

అంతవరకు మాట్లాడకుండా కూర్చున్న వదిన కాగితం లాక్కుని, "ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి కదండీ" అంది. అన్నయ్య ఇంక మాట్లాడలేదు.

నేను ఈ జవాబు రాస్తున్నది వదిన అన్న ఆ మాట కోసమే. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో మరణాలకు మొదటి కారణం లివర్ కాదు, గుండెజబ్బు. ఇది తెలియకే చాలామంది లివర్ ఒక్కదాన్నే చూసుకుంటూ, దాన్ని బాగుచేసే పేరుతో రక్తనాళాలను పాడుచేసుకుంటున్నారు. అన్నయ్య ఆ తర్వాత కీటో వదల్లేదు కానీ, వెన్న, మీగడ తీసేసి చేపలు, గింజలు, ఆలివ్ నూనె వైపు వచ్చాడు. తర్వాతి పరీక్షలో ఎల్‌డీఎల్ బాగా దిగింది. ఒక కుటుంబంలో జరిగింది లోకమంతటికీ రుజువు కాదని ఎవరైనా అనవచ్చు. నాకు మాత్రం ఇందులో అనుమానం లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. లివర్‌లో చేరే కొవ్వు ఎక్కడినుంచి వస్తుందో 2005లో అమెరికాలో లెక్కగట్టారు. దాదాపు 59 శాతం మన ఒంట్లో ముందే ఉన్న కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చినది. 26 శాతం పిండిపదార్థాలు, చక్కెరల నుంచి లివర్ స్వయంగా తయారుచేసుకున్నది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చినది 15 శాతమే. అందుకే "కొవ్వు తింటే లివర్‌లో కొవ్వు" అనే సూటి లెక్క కుదరదు. పిండిపదార్థాలు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, లివర్ కొత్తగా కొవ్వు తయారుచేయడమూ తగ్గుతుంది. 2011లో టెక్సాస్ పరిశోధకులు ఫ్యాటీ లివర్ ఉన్న 18 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పిండిపదార్థాలు, రెండో జట్టుకు మొత్తం కేలరీలు తగ్గించారు. రెండు వారాల్లో రెండు జట్లూ ఇంచుమించు ఒకే బరువు తగ్గాయి. లివర్ కొవ్వు మాత్రం మొదటి జట్టులో సగటున 55 శాతం, రెండో జట్టులో 28 శాతం తగ్గింది. చిన్న పరిశోధనే, రెండు వారాలదే. అయినా మీకు ధైర్యం చెప్పడానికి అది చాలనుకుంటాను.

కానీ ఏ కొవ్వు అన్నది చాలా ముఖ్యం. 2018లో ఫిన్లాండ్‌లో, అధిక బరువున్న వాళ్లకు మూడు వారాలపాటు రోజూ అదనంగా 1000 కేలరీలు తినిపించి చూశారు. వెన్న, చీజ్, కొబ్బరినూనె లాంటి సంతృప్త కొవ్వులు తిన్నవాళ్లకు లివర్ కొవ్వు 55 శాతం పెరిగింది. జ్యూస్, చక్కెర పానీయాలు, మిఠాయిలు తీసుకున్నవాళ్లకు 33 శాతం. ఆలివ్ నూనె, గింజల్లాంటివి తిన్నవాళ్లకు 15 శాతం. అంటే మోతాదు మించితే వెన్న చక్కెరను కూడా దాటిపోయింది! "కార్బ్స్ లేకపోతే ఎంత కొవ్వు తిన్నా పర్వాలేదు" అని వీడియోల్లో చెప్పేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ చూపించరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఒళ్లు మండే ఇంకో విషయం జ్యూస్. లివర్ బాలేదనగానే చూడవచ్చే ప్రతివాళ్లూ పళ్లరసం తాగమంటారు. పళ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెరను కరిగించే పని చాలావరకు లివర్‌దే, ఆ భారం మళ్లీ దాని మీదే పడుతుంది. 250 మిల్లీలీటర్ల నారింజరసంలో 20 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది, ఇంట్లో పిండినా సరే. పండు మొత్తంగా తింటే పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది, రెండో పండు దగ్గరే మనసు ఆగిపోతుంది. గ్లాసులో అయితే నాలుగు పళ్లు నిమిషంలో లోపలికి పోతాయి. మీరు ఒకే ఒక్క మార్పు చేయగలరంటే, తాగే చక్కెర ఆపండి. అన్నం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

లివర్ డిటాక్స్ పౌడర్ల జోలికి మాత్రం వెళ్లకండి. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ మాత్రలు, పసుపు సప్లిమెంట్ల వల్లే లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గగానే పొంగిపోవద్దు. లివర్, కండరాలు దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ ఉంచుకున్న పిండిపదార్థం) ఖర్చవుతూ, దానితో ఉన్న నీటినీ బయటికి పంపేస్తుంది. ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు. మీరు చూడాల్సింది నెలల మీద తగ్గే బరువు. శరీర బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే లోపలి వాపు సర్దుకుంటుంది, 10 శాతం దాటితే మచ్చకట్టిన చోట కూడా మెరుగుదల కనిపించవచ్చు. 80 కిలోల మనిషికి 10 శాతం అంటే 8 కిలోలు. తొందరపడి వారానికి కిలోన్నర పైన తగ్గారంటే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఏడాదైనా కొనసాగించగలిగే తిండి పెట్టుకోండి, రెండు నెలల్లో విసుగొచ్చేది వద్దు. నడకతో పాటు కాస్త బరువులెత్తే వ్యాయామం కలిపితే బరువు పెద్దగా తగ్గకపోయినా లివర్ కొవ్వు తగ్గుతుంది.

గ్రేడ్ 1 అనగానే టెన్షన్ పడకండి, అలాగని ఊరుకోకండి. స్కాన్‌లోని గ్రేడ్ కొవ్వు ఎంతుందో చెబుతుంది కానీ, లివర్ గట్టిపడిందో లేదో చెప్పదు. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నా లోపల దెబ్బ ఉండవచ్చు. మీ వయసు, ఎస్‌జీఓటీ (ఇదీ ఎస్‌జీపీటీ లాంటి ఎంజైమే), ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్యతో ఫిబ్-4 అనే స్కోరు లెక్కవేయమని డాక్టర్‌ను అడగండి. 1.3 లోపు ఉంటే సాధారణంగా గట్టిపడే ప్రమాదం తక్కువ, దాటితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తారు. డైట్ మొదలుపెట్టే ముందే లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) చేయించుకుని, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూసుకోండి. అన్నయ్య మొదట్లో చేయించుకోలేదు, అందుకే పెరిగింది ఎంతో, ముందునుంచీ ఉన్నది ఎంతో చెప్పడం కష్టమైంది.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ సల్ఫోనైలూరియా మాత్రలు గానీ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పకుండా అన్నం తగ్గించవద్దు, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు కీటో చేస్తే కీటోఅసిడోసిస్ (రక్తం ప్రమాదకరంగా ఆమ్లంగా మారడం) ప్రమాదం ఉంది. సిర్రోసిస్ (లివర్ అంతా మచ్చకట్టి గట్టిపడిపోవడం) దాకా వెళ్లినవాళ్లకు లెక్క పూర్తిగా వేరు. వాళ్లు ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంచుకోకూడదు, నిద్రపోయే ముందు కూడా ఏదైనా తినమంటారు. నేను పైన రాసినదేదీ వాళ్లకు వర్తించదు.

కాఫీ మానక్కర్లేదు. రోజూ తాగేవాళ్లలో లివర్ గట్టిపడటం తక్కువగా కనిపిస్తోందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. చక్కెర లేకుండా, వెన్న లేకుండా తాగండి.