లాగి వదిలిన ఫోల్డర్ ఎటు పోయింది?

ప్రశ్న: ఆదోని పత్తి మార్కెట్ దగ్గర మా కమీషన్ దుకాణంలో నలుగురం ఒకే కంప్యూటర్ మీద బిల్లులు చూసుకుంటాం. డీ డ్రైవ్‌లో రైతుల పేర్లతో పెట్టుకున్న ఫోల్డర్లు ఉన్నట్టుండి కనిపించకుండా పోతాయి. తర్వాతెప్పుడో పక్క ఫోల్డర్ లోపల దొరుకుతాయి. తీసింది నువ్వంటే నువ్వని మాలో మాకు మాటలు వస్తున్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి లాగినప్పుడు మాత్రం అసలు ఫైలు ఉన్నచోటే ఉంటుంది. ఈ తేడా ఎందుకు?
– ఒక గుమాస్తా, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: ముందు మీరు ఒకరినొకరు అనుమానించడం మానుకోండి. ఇందులో మనుషుల తప్పు కంటే విండోస్ తీరులోని లోపమే ఎక్కువ. ఫైలునైనా ఫోల్డర్‌నైనా మౌస్‌తో పట్టి లాగి మరోచోట వదిలినప్పుడు, ఆ రెండు చోట్లూ ఒకే డ్రైవ్‌లో ఉంటే విండోస్ దాన్ని అక్కడి నుంచి తీసి ఇక్కడ పెడుతుంది. వేర్వేరు డ్రైవ్‌లైతే అసలును అలాగే ఉంచి కాపీ తీస్తుంది. ఒకే డ్రైవ్‌లో చోటు మార్చడానికి ఫైలులోని సమాచారాన్ని కదిలించనక్కరలేదు, అది ఏ ఫోల్డర్‌కు చెందినదో చెప్పే నమోదును మారిస్తే చాలు. అందుకే వందల బిల్లులున్న ఫోల్డర్ అయినా రెప్పపాటులో మాయమవుతుంది. పెన్‌డ్రైవ్‌లోనైతే సమాచారమంతా కొత్తగా రాయాలి. యంత్రం వైపు నుంచి చూస్తే ఈ నియమం సబబుగానే ఉంటుంది కానీ, తెర ముందు కూర్చున్నవారికి కనిపించేవి రెండూ పసుపుపచ్చ ఫోల్డర్లే. ఏది ఏ డ్రైవ్‌లో ఉందో ఆ బొమ్మను చూసి చెప్పలేం.

దీని వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. డెస్క్‌టాప్ మామూలుగా సీ డ్రైవ్‌లో ఉంటుంది కాబట్టి డీ డ్రైవ్ నుంచి డెస్క్‌టాప్ మీదికి లాగిన ఖాతాకు కాపీ తయారవుతుంది. ఉదయం ఒకరు ఒకదాంట్లో, సాయంత్రం మరొకరు రెండోదాంట్లో ఎక్కిస్తే నెలాఖరుకు లెక్క కుదరదు. నన్నడిగితే ఫోల్డర్ కనబడకపోవడం కంటే ఇదే పెద్ద ప్రమాదం.

ఇక ఉపాయాలు. లాగేటప్పుడు కంట్రోల్ నొక్కి ఉంచితే ఏ డ్రైవ్ అయినా కాపీ అవుతుంది, షిఫ్ట్ నొక్కి ఉంచితే చోటు మారుతుంది, ఆల్ట్ నొక్కి ఉంచితే షార్ట్‌కట్ (అసలు ఫైలుకు దారి చూపే గుర్తు) తయారవుతుంది. అయితే మౌస్ బటన్ వదిలే క్షణంలో ఏ కీ నొక్కి ఉందన్నదే లెక్కలోకి వస్తుంది కనుక ముందు మౌస్‌ను, ఆ తర్వాతే కీని వదలాలి. ఇవన్నీ గుర్తుండవనుకుంటే కుడి బటన్‌తో లాగండి. వదలగానే కాపీ చేయాలా, చోటు మార్చాలా, షార్ట్‌కట్ పెట్టాలా, మానేయాలా అని విండోస్ మిమ్మల్నే అడుగుతుంది. నలుగురు వాడే కంప్యూటర్‌కు ఇంతకంటే మంచి అలవాటు లేదు. లాగుతుండగానే మనసు మారితే ఎస్కేప్ నొక్కండి. వదిలేశాక తెలిసినట్లయితే మరే పనీ చేయకముందే కంట్రోల్, జెడ్ నొక్కితే ఫోల్డర్ తిరిగి తన చోటికి వస్తుంది.

ఎవరూ లాగకుండానే ఫోల్డర్లు కదులుతున్నాయని మీకు అనిపిస్తే దానికీ కారణం ఉంది. బటన్ నొక్కి ఉన్నప్పుడు బాణం గుర్తు 4 పిక్సెళ్లు జరిగితే చాలు, విండోస్ దాన్ని లాగడంగా భావిస్తుంది. ఫోల్డర్ తెరవడానికి హడావిడిగా డబుల్ క్లిక్ చేసేటప్పుడు చెయ్యి ఆ మాత్రం జరగడం చాలా మామూలు. విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ విభాగం కింద కంట్రోల్ ప్యానెల్, దాని లోపల డెస్క్‌టాప్ అనేచోట డ్రాగ్‌విడ్త్, డ్రాగ్‌హైట్ అనే రెండు విలువలు ఉంటాయి. వాటిని 30 లేదా 40కి పెంచి, సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి వస్తే ఈ పొరపాట్లు బాగా తగ్గుతాయి. రిజిస్ట్రీ జోలికి తెలిసినవారే పోవాలి కాబట్టి మీ కంప్యూటర్ చూసే అబ్బాయి చేత చేయించండి. ఫైలును రీసైకిల్ బిన్‌లో వేసేముందు ‘నిజంగానే తీసేయాలా’ అని అడిగే ఏర్పాటు విండోస్‌లో ఉంది, చోటు మార్చేముందు అలా అడిగే ఏర్పాటు మాత్రం లేదు. ఉండి తీరవలసిన సదుపాయాల్లో ఇది ఒకటి.

ప్రశ్న: ప్రొద్దుటూరులో పెళ్లిపత్రికలు చేసే డీటీపీ సెంటర్ నాది. కొత్త కంప్యూటర్‌లో ఫోటోను ఫోల్డర్ నుంచి ఫోటోషాప్‌లోకి లాగితే అడ్డగీత ఉన్న వలయం కనిపిస్తోంది, ఫోటో రావడం లేదు. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించినా అంతే. పనిలో పనిగా, పేజ్‌మేకర్‌లో ఒక్క అడుగుకు మించి వెనక్కి పోయే దారి ఉందా?
– డీటీపీ నిర్వాహకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: మీ ఫోటోషాప్ ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ పద్ధతిలో, అంటే మామూలు కంటే ఎక్కువ అధికారంతో తెరుచుకుంటోందేమో చూడండి. పాత తెలుగు ఫాంట్ల కీబోర్డు ప్రోగ్రాం సరిగా పనిచేయాలని అన్నింటినీ అలా పెట్టేయడం డీటీపీ సెంటర్లలో ఉన్న అలవాటే. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన భద్రతా నియమం ప్రకారం తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాం, ఎక్కువ అధికారంతో నడిచేదానిలోకి ఏదీ పంపకూడదు; ఫోల్డర్లు చూపే ఎక్స్‌ప్లోరర్ మామూలు అధికారంతో నడుస్తుంది కాబట్టి మీ ఫోటో గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. ఫోటోషాప్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద ఆ టిక్కు తీసేయండి. కీబోర్డు ప్రోగ్రాంకు అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉన్నా ఇబ్బంది లేదు, పై నుంచి కిందికి అడ్డు ఉండదు. ఈ నియమం మంచిదే. అయితే ఎందుకు వద్దంటోందో ఒక్క ముక్క చెప్పకుండా వలయం చూపించి ఊరుకోవడం వల్లే మీకు సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించే ఖర్చు తగిలింది.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అందులో అన్‌డూ (చేసిన మార్పును రద్దు చేసుకోవడం) ఒక్క అడుగే, ఇక పెరిగే ఆశ లేదు. కాకపోతే పేజీ మారినప్పుడల్లా అది అప్పటిదాకా చేసిన పనిని తనంతట తాను తాత్కాలికంగా దాచుకుంటుంది, దీన్నే మినీ సేవ్ అంటారు. షిఫ్ట్ నొక్కి ఉంచి ఫైల్ మెనూలో రివర్ట్ ఎంచుకుంటే చివరి మినీ సేవ్ దగ్గరికి వెళ్లవచ్చు. అందువల్ల పత్రికలో పెద్ద మార్పు మొదలుపెట్టేముందు ఒకసారి పక్క పేజీకి పోయి రండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. కీళ్లనొప్పుల వల్ల మౌస్ బటన్ నొక్కిపట్టి లాగలేకపోతున్నాను. ఎక్సెల్‌లో వరుసలను పైకీ కిందికీ మార్చుకునే వేరే మార్గం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఉందండీ. వరుసను ఎంచుకుని కంట్రోల్, ఎక్స్ నొక్కండి. అది ఎక్కడికి రావాలో అక్కడి వరుసను ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, ప్లస్ కలిపి నొక్కితే రెండు వరుసల మధ్యలో చక్కగా కూర్చుంటుంది. వర్డ్‌లోనైతే కర్సర్ ఉన్న పేరా ఆల్ట్, షిఫ్ట్ నొక్కి ఉంచి పైబాణం, కిందిబాణం నొక్కితే జరుగుతుంది. లాగడం తప్పనిసరి అయినచోట కంట్రోల్ ప్యానెల్‌లోని మౌస్ అమరికల్లో క్లిక్‌లాక్‌ను ఆన్ చేసుకోండి. బటన్‌ను కాసేపు నొక్కి వదిలేస్తే పట్టు నిలిచి ఉంటుంది, వేలు ఎత్తి మౌస్‌ను కదపవచ్చు, మళ్లీ ఒక క్లిక్‌తో పట్టు వీడుతుంది. లాగి చేసే పనికి లాగకుండా చేసే మార్గం కూడా ఉండాలని వైకల్యం ఉన్నవారు కూడా వెబ్‌సైట్లు వాడుకోగలిగేలా చూసే అంతర్జాతీయ ప్రమాణం (డబ్ల్యూసీఏజీ) 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో చెప్పింది. అలా లేని వెబ్‌సైట్ మీకు ఎదురైతే నిర్వాహకులకు ఫిర్యాదు రాసేటప్పుడు ఆ ప్రమాణంలోని 2.5.7 నిబంధనను పేర్కొనండి.

ప్రశ్న: విండోస్ 11లో ఫైలును కింది టాస్క్‌బార్‌లోని ప్రోగ్రాం గుర్తు మీదికి లాగితే ఆ విండో ముందుకు రావడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: 2021 అక్టోబరులో విడుదలైన తొలి విండోస్ 11లో ఆ సదుపాయాన్ని తీసేశారు, వాడేవారు గట్టిగా గొడవ చేశాక 2022 సెప్టెంబరు నాటి 22హెచ్2 అప్‌డేట్‌తో తిరిగి ఇచ్చారు. మీది అప్‌డేట్ కాని కంప్యూటర్ అయి ఉంటుంది. అప్‌డేట్ అయ్యేదాకా ఫైలును మౌస్‌తో పట్టుకునే ఎడమచేత్తో ఆల్ట్, ట్యాబ్ నొక్కి కావలసిన విండోకు మారి, అక్కడ వదలండి.