ఉప్పునీటి విద్యుత్ విశ్లేషణలో సోడియం ఎందుకు రాదు?

ఉప్పునీటిలోకి కరెంటు పంపితే కాథోడ్ (బ్యాటరీ రుణ ధ్రువానికి కలిపిన కడ్డీ) దగ్గర సోడియం బదులు హైడ్రోజన్ రావడమే పిల్లల్ని తికమకపెడుతుంది. పాత్రలో ఉప్పుతో పాటు నీరూ ఉందని ముందే గుర్తుచేయాలి. ధన అయాన్లు (ధనావేశమున్న కణాలు) కాథోడ్ వైపు, రుణ అయాన్లు ఆనోడ్ (ధన ధ్రువానికి కలిపిన కడ్డీ) వైపు వెళ్తాయి. కానీ కాథోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకోవడం సోడియం అయాన్ల కంటే నీటికే చాలా తేలిక. అందుకే హైడ్రోజన్ బుడగలొస్తాయి, హైడ్రాక్సైడ్ అయాన్లు మిగులుతాయి. క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి చూపించండి, ఆ అయాన్ల వల్ల కాథోడ్ చుట్టూ గులాబీ రంగు వస్తుంది. బోర్డు మీద రాసే సమీకరణం కంటే నాకిదే నయమనిపిస్తుంది. ఆనోడ్ దగ్గర వచ్చేది క్లోరిన్, విషవాయువు. కాబట్టి కిటికీలు తెరిచి, పెన్సిల్ ములుకులు, 9 వోల్టుల బ్యాటరీతో కాసేపే చేయాలి. సోడియమే కావాలంటే నీరు లేకుండా ఉప్పును కరిగించాలి. అందుకు 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఫ్యాక్టరీల్లో కాల్షియం క్లోరైడ్ కలిపి దాన్ని దాదాపు 600కి దించుతారు.