కిట్ పోలేదండీ, ముందు ఆ సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టండి

మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి బోర్డు గుర్తొచ్చింది. హామ్ రేడియో కోసం 40 మీటర్ల బ్యాండ్ ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) ట్రాన్సీవర్ కిట్, అంటే వినడానికీ మాట్లాడటానికీ ఒకే సెట్టు, తెప్పించుకుని, మూడు ఆదివారాలు కూర్చుని బిగించారు. ఆన్ చేస్తే స్పీకర్లో సన్నగా హిస్ తప్ప ఒక్క స్టేషనూ రావడం లేదు. మైకు బటన్ నొక్కితే రిలే టక్కుమంటోంది గానీ పవర్ రావడం లేదు. చేతిలో మల్టీమీటర్ తప్ప ఇంకేమీ లేదు, బోర్డంతా మళ్ళీ ఒకసారి సోల్డర్ చేసేయనా, ట్రాన్సిస్టర్లన్నీ మార్చేయనా అని అడిగారు.

రెండూ వద్దు. నేను ఇప్పటికి నాలుగు బోర్డులు బిగించాను. వాటిలో నన్ను ఏడిపించిన తప్పులన్నీ నా చేతి పనే. నేను కాల్చుకున్న ఎఫ్‌ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) వదిలేస్తే, దానంతట అదే చెడిపోయి ఉన్న పార్టు ఒక్కటీ లేదు. మంచి ట్రాన్సిస్టర్లు పీకి మళ్ళీ పెట్టే పనిలో ప్యాడ్లు లేచిపోతాయి, అప్పుడు ఒక తప్పు వెతకబోయి నాలుగు తెచ్చుకున్నట్టవుతుంది.

ముందు ఒక మాట చెప్పండి. బటన్ నొక్కి ఊరుకున్నారా, లేక మైకులో ఏమైనా మాట్లాడారా? ఎస్‌ఎస్‌బీలో క్యారియర్ (గొంతు లేకపోయినా వస్తూనే ఉండే తరంగం) ఉండదు కాబట్టి మీరు నోరు తెరవకపోతే బయటికి వచ్చేది దాదాపు సున్నానే, సెట్టు ఎంత బాగున్నా సరే. 'ఆ...' అని సాగదీయండి, లేదా ఈల వేయండి, అప్పుడు చూడండి. నేను కూడా ఒక సాయంత్రమంతా మౌనంగా బటన్ నొక్కుతూ మీటర్ వైపు చూస్తూ కూర్చున్నవాణ్ణే. అయినా మీకు వినపడటమే లేదంటున్నారు కాబట్టి అసలు సంగతి వేరే ఉంది.

మీరు చెప్పిన పార్టుల్ని బట్టి, అంటే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్, రెండు డయోడ్ మిక్సర్లు (రెండు ఫ్రీక్వెన్సీలు కలిపే చోట్లు), చివర్లో పవర్ ఇచ్చే ఎఫ్‌ఈటీ ఐఆర్‌ఎఫ్ 510, ఇది బిట్‌ఎక్స్ తరహా సర్క్యూటే. బిట్‌ఎక్స్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే, అష్హర్ ఫర్హాన్ గారి డిజైన్. మన బజార్లో దొరికే మామూలు పార్టులతో ఎవరైనా కట్టుకోవాలని చేసినది. మొదటి బిట్‌ఎక్స్ 20లో టొరాయిడ్ (కాయిల్ చుట్టే రింగు) దొరక్కపోతే కుళాయిలో వేసే వాషర్ మీద కాయిల్ చుట్టుకోమన్నారు, టీవీ బేలన్ కోర్లతో ట్రాన్స్‌ఫార్మర్లు చేసుకోమన్నారు. ఇది గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు (కొంచెం అందుకు కూడా అనుకోండి), ఆ సర్క్యూట్ తీరులోనే మీ సమస్యకు దారి ఉంది. అందులో వినడానికీ మాట్లాడటానికీ దారి ఒక్కటే. క్రిస్టల్ ఫిల్టర్, మిక్సర్లు, వీఎఫ్‌ఓ (స్టేషన్ మార్చడానికి తిప్పే ఆసిలేటర్), బీఎఫ్‌ఓ (గొంతు మళ్ళీ గొంతులా వినపడటానికి కావలసిన, ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండే ఆసిలేటర్) రెండిటికీ ఉమ్మడి, సిగ్నల్ ఒకసారి ఇటు నుంచి అటు, బటన్ నొక్కితే అటు నుంచి ఇటు పోతుంది. మధ్యలో ఉన్న యాంప్లిఫయర్ ట్రాన్సిస్టర్లు మాత్రం ఏ దిక్కువి ఆ దిక్కుకే, రిలే ఎటు కరెంటిస్తే అవే పనిచేస్తాయి. దాన్ని బట్టి చూడండి: వినడం బాగుండి మాట్లాడటం పోతే తప్పు ఆ ఒక్క దిక్కు ట్రాన్సిస్టర్ల దగ్గర. మీకు రెండూ పోయాయి, కాబట్టి ముందు అనుమానించాల్సింది ఉమ్మడి వాటినే. బోర్డులో సగానికి పైగా భాగాన్ని ఇప్పుడే పక్కన పెట్టేశాం, మల్టీమీటర్ కూడా ముట్టుకోకుండా.

ఆడియో వైపు రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చిన్న స్క్రూడ్రైవర్ లోహం భాగం పట్టుకుని వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలుకు తాకించండి, 'బుర్ర్' అని హమ్ రావాలి. వస్తే ఆడియో చిప్ ఎల్ఎం 386 నుంచి స్పీకర్ దాకా అంతా బాగున్నట్టే. అది 12 వోల్టుల బోర్డు కాబట్టి భయం లేదు, కానీ కరెంటు నుంచి నడిచే ఇంకే పరికరం మీదా ఈ ప్రయోగం చేయకండి.

తర్వాత వీఎఫ్‌ఓ, బీఎఫ్‌ఓ. ఈ రెండూ ఆడుతున్నాయా లేదా తెలియడానికి ఆసిలోస్కోప్ అక్కర్లేదు, ఇంట్లో అటక మీద షార్ట్‌వేవ్ ఉన్న పాత రేడియో ఉందేమో చూడండి. ఐఎఫ్ (క్రిస్టల్ ఫిల్టర్ పనిచేసే మధ్య ఫ్రీక్వెన్సీ) 12, బ్యాండ్ 7 నుంచి 7.2 మెగాహెర్ట్జ్, 12లోంచి ఇది తీసేస్తే మీ వీఎఫ్‌ఓ 4.8కీ 5కీ మధ్యలో ఉండాలి. ఒకప్పుడు ఆకాశవాణి హైదరాబాద్ షార్ట్‌వేవ్‌లో 4800 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది, మా నాన్న రేడియో డయల్ మీద ఆ చోట పెన్నుతో గీత కూడా ఉంది. మీ కిట్ ట్యూనింగ్ 7200 దగ్గర పెడితే వీఎఫ్‌ఓ ఇంచుమించు ఆ 4800 మీదికే వస్తుంది. రేడియోని కిట్ పక్కన పెట్టి ఆ చుట్టుపక్కల మెల్లిగా తిప్పండి. ఒక చోట రేడియోలో గరగర ఉన్నట్టుండి ఆగిపోయి నిశ్శబ్దం అయిపోతుంది. కిట్ స్విచ్ ఆపితే గరగర మళ్ళీ రావాలి, అప్పుడది మీ వీఎఫ్‌ఓయే. అలాగే 12 మెగాహెర్ట్జ్ దగ్గర బీఎఫ్‌ఓ. రెండిట్లో ఏది దొరక్కపోయినా మీ తప్పు అక్కడే, ఇంకెక్కడా వెతకొద్దు. ఆ ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ వోల్టేజీలు చూడండి, మధ్యలో 0.6 తేడా ఉందో లేదో.

రెండూ దొరికాయనుకోండి, అప్పుడు మిక్సర్ కాయిల్స్ మీద పడదాం. నా డబ్బు పెట్టి పందెం కాయమంటే ఇక్కడే కాస్తాను.

ఎందుకంటే నాదీ ఇదే. మిక్సర్ కోసం మూడు ఎనామిల్ తీగలు మెలిపెట్టి చిన్న కోర్ మీద పది చుట్లు చుట్టాలి, తెలుసుగా. తీగ చివర్లు బ్లేడుతో గీకాను అనుకున్నాను. సోల్డర్ కూడా నున్నగా, మెరుస్తూ, గోపురంలా కూర్చుంది, చూసి మురిసిపోయాను. పది రోజులు తల పట్టుకున్నాక తాతగారి పేపర్ చదివే భూతద్దం తెచ్చి చూస్తే ఆ గోపురం మధ్యలో తీగ చుట్టూ వెంట్రుక మందాన నల్లటి రింగు కనిపించింది. సోల్డర్ తీగ చుట్టూ పేరుకుందే గానీ తీగకి అంటుకోలేదు, మధ్యలో ఎనామిల్ అలాగే ఉంది. ఇది కంటికి ఎంత మంచి జాయింటో మీటరుకు అంత చెడ్డది. అందుకే కాయిల్‌ని తీగ మీద ప్రోబ్ పెట్టి చూడకండి, ఒక ప్యాడ్ నుంచి ఇంకో ప్యాడ్‌కి చూడండి. ఒక్కో చుట్ట దాదాపు సున్నా ఓమ్‌లు చూపించాలి. చూపించకపోతే ఆ చివర ఊడదీసి, బ్లేడుతో రాగి రంగు కనపడేదాకా నాలుగు వైపులా గీకి, ముందు తీగకే విడిగా సోల్డర్ పట్టించి, అప్పుడు బోర్డులో పెట్టండి.

అదే కాయిల్లో ఇంకో గోతి కూడా ఉంది, అందులోనూ పడ్డాను. మూడు తీగలూ ఒకే రంగు. మధ్య ట్యాప్ కోసం ఒక తీగ మొదలుని ఇంకో తీగ చివరతో కలపాలి, నేను మొదలుని మొదలుతోనే కలిపాను. సిగ్నల్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీటర్ మాత్రం హాయిగా బీప్ ఇస్తుంది, డీసీకి ఆ తేడా తెలియదు కదా. అప్పటినుంచి చుట్టడానికి ముందే మా చెల్లి నెయిల్ పాలిష్ తెచ్చి ఒక తీగ రెండు చివర్లకీ ఎరుపు, ఇంకోదానికి గులాబీ, మూడోది ఉత్తది అని గుర్తు పెడుతున్నాను. చెల్లికి చెప్పలేదు.

ఇక్కడితో మీకు గొంతులు వినపడాలి. వినపడినా బాగా నీరసంగా ఉంటే ఇంకో కథ ఉంది. నా రెండో బోర్డుకి 2ఎన్ 3904 ట్రాన్సిస్టర్ల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను, ఒక కొట్టతను అవి లేవన్నా, బీసీ 547 తీస్కో, సేమ్ అన్నాడు. సేమే, ఒక్కటి తప్ప. చదునైన వైపు మనకి పెట్టి, కాళ్ళు కిందికి ఉంచి చూస్తే 3904కి ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. 547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. బోర్డు మీద బొమ్మ చూసి పెట్టేశాను. తమాషా ఏమిటంటే ట్రాన్సిస్టర్ తిరగబడినా పూర్తిగా చావదు, గెయిన్ మాత్రం ఘోరంగా పడిపోతుంది, పైగా బేస్‌కీ ఎమిటర్ ప్యాడ్‌కీ మధ్య ఆ 0.6 వోల్టులు బుద్ధిగా చూపిస్తుంది. దాన్ని నమ్మి రెండు వారాలు యాంటెన్నాని తిట్టుకున్నాను. చివరికి దొరికింది ఎలాగంటే, ఒకేలాంటి స్టేజీలు మూడు ఉంటాయి కదా, వాటి వోల్టేజీలు నోటుబుక్కులో పక్కపక్కన రాస్తే ఒక్క స్టేజీలో బేస్ వోల్టేజీ మిగతా వాటికన్నా తక్కువగా ఉంది. అన్నీ రాయండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు.

ట్రాన్స్‌మిట్ జోలికి ఇప్పుడే పోకండి. వినడం కుదిరాకే. పోయేటప్పుడు సప్లై తీగలో వరసగా ఒక 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు పెట్టండి, ఏ ఆటో మెకానిక్ దగ్గరైనా దొరుకుతుంది. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. నేను అది పెట్టలేదు. బయాస్ ప్రీసెట్ (ఐఆర్‌ఎఫ్ 510 కరెంటు సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్) పూర్తిగా ఎడమకి తిప్పితే సున్నా అనుకున్నాను, ఆ బోర్డులో అది తిరగేసి ఉంది. బటన్ నొక్కి మూడు లెక్కపెట్టేలోపు వంటింట్లోంచి అమ్మ కేక: "ఏం మాడ్చావురా అక్కడ?" ఐఆర్‌ఎఫ్ 510 పోయింది. ఇంకోసారి సప్లై షార్ట్ అయింది, దాని కారణం వేరే: ఆ ఎఫ్‌ఈటీ వెనక లోహం రేకు డ్రెయిన్‌కే (సప్లై వచ్చే కాలుకే) కలిసి ఉంటుంది, హీట్‌సింక్‌కి మధ్యలో మైకా షీటూ, స్క్రూకి ప్లాస్టిక్ బుష్షూ వేయాలి, నేను బుష్ మరిచిపోయాను.

కాబట్టి ఫైనల్‌కి (చివరి ఐఆర్‌ఎఫ్ 510కి) సప్లై ఇవ్వకముందే బటన్ నొక్కి దాని గేట్ కాలు దగ్గర వోల్టేజీ చూడండి, ప్రీసెట్ ఎటు తిప్పితే సున్నా వస్తుందో అటు ఉంచండి. అప్పుడు సప్లై ఇచ్చి, వరసలో ఆమీటర్ పెట్టి, మైకు దగ్గర చప్పుడు లేకుండా, వెంట్రుకవాసి చొప్పున పెంచండి. గేట్ రెండు నుంచి నాలుగు వోల్టుల మధ్య ఎక్కడో కరెంటు పారడం మొదలవుతుంది, ఆ తర్వాత చాలా వేగంగా పెరుగుతుంది, మీ మాన్యువల్‌లో చెప్పిన మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆపేయండి. బయాస్ కుదిరాక బల్బు తీసేయొచ్చు.

ఇదంతా డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మింగేసే రెసిస్టర్) మీదే, యాంటెన్నా మీద కాదు. 1 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్లు 20 తెచ్చి పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌లు. కార్బన్ లేదా మెటల్ ఫిల్మ్‌వి తెచ్చుకోండి, తెల్లటి సిమెంట్‌వి వద్దు, అవి లోపల తీగ చుట్టినవి, కాయిల్ లాగే ప్రవర్తిస్తాయి. దాని మీద ఒక 1ఎన్ 4148 డయోడ్, ఒక 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసి మల్టీమీటర్ డీసీలో పెట్టి ఈల వేయండి. వచ్చిన వోల్టేజీని దానితోనే గుణించి 100తో భాగిస్తే వాట్లు. 24.5 వోల్టులు వస్తే 6 వాట్లు, ఈ తరహా సెట్టుకి అది చాలు. అక్కడ అంకె కనపడినా అవతలివాళ్ళు మీ గొంతు బాతులా ఉందంటే బీఎఫ్‌ఓ ట్రిమ్మర్ కొంచెం కదపాలి, అది చిన్న పని.

లైసెన్స్ గురించి మీరు రాయలేదు. ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్) పరీక్ష పాసై కాల్‌సైన్ వచ్చేదాకా గాల్లోకి ప్రసారం చేయకూడదు, డమ్మీ లోడ్ దగ్గరే ఆగండి. హైదరాబాద్‌లో ఉంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్ళని అడగండి, దారి చెబుతారు.

ఇంకొకటి, వినే పరీక్ష మధ్యాహ్నం చేసి ఏమీ లేదనుకోకండి. డాబా మీద అటు పది, ఇటు పది మీటర్ల తీగ కట్టి పొద్దున ఏడు, ఎనిమిది గంటలప్పుడు వినండి, మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకునేది అప్పుడే. సెట్టుని అడాప్టర్ మీద కాకుండా 12 వోల్టుల 7 ఏహెచ్ యూపీఎస్ బ్యాటరీ మీద నడపండి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్ చేసే రొదలో చిన్న స్టేషన్లు మునిగిపోతాయి. మా వీధిలో కరెంటు పోతే అందరూ విసుక్కుంటారు, నేను మాత్రం హెడ్‌ఫోన్ తీసుకుని పరిగెత్తుతాను. బ్యాండ్ అంత శుభ్రంగా ఇంకెప్పుడూ వినపడదు.

ముందు ఆ రేడియో పరీక్ష చేయండి. 4.8 నుంచి 5 మధ్యలో గరగర ఎక్కడ ఆగిందో, 12 దగ్గర ఆగిందో లేదో, మిక్సర్ కాయిల్స్ ప్యాడ్ నుంచి ప్యాడ్‌కి ఎన్ని ఓమ్‌లో రాసి పెట్టండి, బోర్డు రెండు వైపులా పగటి వెలుతురులో ఫోటో తీసి కూడా పెట్టండి. అది చూశాక ఏ తీగ ఊడదీయాలో చెబుతాను.