జు దెహాయ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన పేజీలు చదివాను. చైనాలోని కొరియన్ల నాయకుడు జు దెహాయ్, మనవాళ్ళకు పెద్దగా తెలియని మనిషి. ఆయన్ని ఎంచుకున్నావు, చాలా సంతోషం. కానీ మొదటి అధ్యాయంలోనే మావో కాలపు సాంస్కృతిక విప్లవం, నినాదాలు, అవమానాలు పెట్టేశావు. అలా మొదలుపెడితే పాఠకుడు చివరిదాకా ఆయన మీద జాలిపడుతూనే ఉంటాడు. ఆయన చేసిన పని కనపడదు.

1949తో మొదలుపెట్టి చూడు. జపాన్ ఓడిపోయాక చైనా ఈశాన్యంలోని కొరియన్లు చాలామంది స్వదేశానికి వెళ్ళిపోయారు. సుమారు 11 లక్షల మంది ఉండిపోయారు. ఆ చలి నేలలో వరి సాగును విస్తరించింది ఎక్కువగా వాళ్ళే. భూసంస్కరణల్లో, కొరియా సరిహద్దున వాళ్ళు ఎక్కువగా ఉండే యెన్‌బియన్‌లో, రైతుకు పొలం సొంతమైంది కూడా. మరి వాళ్ళు ఏ దేశస్థులు? యెన్‌బియన్‌ను కొరియాలో కలపాలని కొందరన్నారు, సోవియట్ పద్ధతిలో గణతంత్రం కావాలని ఇంకొందరన్నారు. జు దెహాయ్ మాత్రం చైనాలోనే ఉంటూ స్వయంపాలన తెచ్చుకుందామన్నాడు. నీ పుస్తకానికి గుండెకాయ ఇదే.

ఆ ఆలోచన ఆయనకు ఎక్కడ పుట్టిందో వెతికితే బాల్యం తనంతట తానే కథలోకి వస్తుంది. 1911లో రష్యా తూర్పు కొసన పుట్టాడు, అసలు పేరు 'ఓ గి-సప్'. చిన్నప్పుడే చైనా చేరాడు, 1931లో చైనా కమ్యూనిస్టు పార్టీలో చేరాడు, మాస్కోలో చదివాడు, ఆ పార్టీ స్థావరమైన యెనాన్‌లో పనిచేశాడు. సరిహద్దులు మనిషిని ఏం చేస్తాయో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

1949లోనే యెన్‌బియన్ యూనివర్సిటీ మొదలైంది, తొలి అధ్యక్షుడు ఆయనే. 1952 సెప్టెంబర్ 3న యెన్‌బియన్ కొరియన్ స్వయంపాలిత ప్రాంతం ఏర్పడితే దానికీ ఆయనే అధిపతి. వీటిని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఒక రైతు బిడ్డ కొరియన్ భాషలోనే పైచదువు చదవగలగడం చిన్న సంగతా? అక్కడ ఆగు, వివరంగా రాయి.

యెనాన్ గుహలో భార్యతో మాట్లాడినట్టు రాశావే, ఆ సంభాషణ తీసెయ్. ఆధారం లేని మాటలు ఆయన నోట్లో పెట్టకూడదు. సాంస్కృతిక విప్లవంలో ఆయన్ని ద్రోహి అని, గూఢచారి అని నిందించినవాళ్ళు చేసిన పని కూడా అదే కదా.

1972లో ఆయన యెన్‌బియన్‌కు దూరంగా, మధ్య చైనాలోని హుబెయ్‌లో చనిపోయాడు. 1978లో ఆ నిందలన్నీ కొట్టేశారు. ఇది చివర్లో, క్లుప్తంగా చాలు. పేజీలు తగ్గిపోతాయని టెన్షన్ పడకు. ముందు 1949 అధ్యాయం రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య