లైవ్ రాక్ మీద ఆ గోధుమరంగు పువ్వులేంటి?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఉప్పునీళ్ల అక్వేరియంలో లైవ్ రాక్ (చిన్న చిన్న సముద్రజీవులు అంటుకుని ఉండే రాయి) పెట్టి నెలన్నర అయింది, ఇప్పుడు దానిమీద గోధుమరంగులో చిన్న పువ్వుల్లాంటివి 3 వచ్చాయి, దగ్గరికెళ్తే టక్కున ముడుచుకుపోతున్నాయి. రాత్రి టార్చ్ వేస్తే గులాబీరంగు జెర్రి లాంటిది కూడా కనిపించింది. రెండూ తీసేయాలా అండీ?

జవాబు: తీసేయాల్సింది ఆ పువ్వుల్నే, జెర్రిని కాదండీ. మీరు చెప్పినదాన్ని బట్టి అవి ఐప్టేసియా అనే సీ ఎనిమోన్‌లు, అంటే పువ్వుల్లా కనిపించే సముద్రజీవులు, సన్నటి పొడవాటి టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే తీగల్లాంటివి), అద్దంలా కాస్త లోపల కనబడే ఒళ్లు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. దయచేసి గోకొద్దు, చిన్న ముక్క రాయికి అంటుకుని మిగిలినా చాలు అదే ఇంకోటి అయిపోతుంది. పంపులు ఆపి, చిక్కగా కలిపిన కాల్షియం హైడ్రాక్సైడ్ (తడి సున్నం) పేస్ట్ సిరంజితో దాని నోటి మీద మెల్లగా వదలండి, ఒకేరోజు ఎక్కువ వాడితే మాత్రం నీళ్ల పీహెచ్ పెరిగిపోతుంది. పెప్పర్‌మింట్ ష్రింప్ కూడా వీటిని తింటుంది కానీ ప్రతీదీ తింటుందని గ్యారంటీ లేదు.

ఆ జెర్రి దాదాపుగా బ్రిసిల్ వార్మ్ అనే సముద్రపు పురుగే, మిగిలిపోయిన మేత తిని ట్యాంక్ శుభ్రంగా ఉంచుతుంది, పాపం ఉండనివ్వండి. కాకపోతే దాని ఒంటి పక్కన ఉండే తెల్లటి నూగు గుచ్చుకుంటే బాగా మంట, గ్లవ్స్ లేకుండా రాయి ఎత్తొద్దు, గుచ్చుకుంటే రుద్దకుండా టేప్ అంటించి లాగేయండి.