ముళ్లపొదల గుట్టల మీద మొక్కలు నాటితే వన్యప్రాణులు తిరిగి వస్తాయా?

రాయలసీమలో ముళ్లకంప తప్ప మరేమీ లేని గుట్టల మీద మొక్కలు నాటితే పోయిన పక్షులూ జంతువులూ తిరిగి వస్తాయా అని అడిగారు. రావు. ఉన్నవి కూడా పోతాయి. కళ్లారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను బడిపంతులుని. కడప జిల్లాలో పనిచేస్తున్న రోజుల్లో, తొలకరికి ముందు, మా బడి వెనక గుట్ట వాలులో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. పిల్లలను తీసుకురమ్మని కబురు వచ్చింది. మేం వెళ్లేసరికే జేసీబీ పనిలో దిగింది. రేగు, పరికి, బలుసు, కలివి పొదలన్నీ వేళ్లతో సహా లేచి ఒక పక్కన కుప్పపడుతున్నాయి. అంత రొదలోనూ తీతువు ఒకటి గొంతు చించుకుని అరుస్తూ జేసీబీ ముందే చక్కర్లు కొడుతోంది.

ఏడో తరగతి పిల్లవాడొకడు నా చెయ్యి పట్టి లాగి నేల చూపించాడు. నాలుగు గుడ్లు. మట్టిరంగు, దాని మీద నల్లటి మరకలు, సన్నటి కొసలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. గూడంటూ ఏమీ లేదు. అరచేయంత పల్లం, చుట్టూ గులకరాళ్లు, అంతే. ఒకసారి చూపు తిప్పుకుని మళ్లీ చూస్తే గుడ్డేదో రాయేదో పోల్చుకోలేం. చెయ్యి అడ్డుపెట్టి బండి ఆపించాను. పని చూస్తున్న పెద్దమనిషి వచ్చి వంగి చూసి, "పిట్ట ఇంకోచోట పెట్టుకుంటుంది లెండి మాస్టారూ, సాయంత్రానికి గుంతలు పూర్తి కావాలి" అన్నారు. మధ్యాహ్నానికి అక్కడ గుంత పడింది. వెనక కట్టిన బ్యానరు మీద మాత్రం పక్షులను కాపాడుదామని రాసి రామచిలుక బొమ్మ వేశారు. నాటినవి చాలావరకు నీలగిరి మొక్కలు, మేక కూడా ముట్టని ఆకు. ఫొటోలు దిగి అందరూ వెళ్లాక టిఫిను కవర్లు ఏరింది మా పిల్లలే, అది వేరే సంగతి.

ముళ్లపొదల నేల అంటే చెడిపోయిన అడవి అనుకుంటారు చాలామంది. కాదు, అది దాని తీరే అంత. పొదకూ పొదకూ మధ్య ఎండ తగిలే ఖాళీ నేల ఉండాలి. తీతువు గుడ్లు పెట్టేది అక్కడే. నక్షత్ర తాబేలు, కుందేలు, ఉడుము, కౌజు బతికేది ఆ పొదల్లోనే. చెట్లు పెరిగి నీడ కమ్మితే గడ్డి పోతుంది, గడ్డితో పురుగు పోతుంది, పురుగును తినే పిట్ట పోతుంది.

కలివికోడినే చూడండి. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు దొర లోకానికి తెలియజేసిన పక్షి. 1900 తర్వాత జాడ లేకపోతే అంతరించిందనుకున్నారు. 1986లో మన కడప జిల్లా లంకమల కొండల వైపు పొదల్లోనే మళ్లీ దొరికింది, అదీ ఒక స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో పట్టుకుంటే. దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. ఒక్క పిట్ట కోసం అంత అవసరమా అని నవ్వినవాళ్లు మా స్టాఫ్‌రూములోనే ఉన్నారు. వాళ్లతో వాదించి నా టీ చల్లారిపోయేది.

అసలు తంటా లెక్కల్లో ఉంది. భారత అటవీ సర్వే లెక్క ప్రకారం కనీసం హెక్టారు నేలలో 10 శాతం మేర చెట్ల కొమ్మలు పరుచుకుని ఉంటే అది అడవి కిందే లెక్క, నీలగిరి తోటైనా మామిడి తోటైనా సరే. చెట్లు పలచగా ఉన్న పొదల నేల అందులోకి రాదు. కేంద్రం వేసే బంజరు భూముల అట్లాసులో మాత్రం దానికి చోటుంది, అంటే పనికిరాని నేల కింద లెక్క. ఇక ఏ అధికారి మాత్రం దాన్ని వదిలిపెడతాడు? మొక్కలు నాటితే పచ్చదనం పెరిగినట్టు కాగితం మీద చూపించవచ్చు, పొదలను కాపాడితే చూపించడానికి ఏముంది?

మీకు నిజంగా ఏదైనా చేయాలని ఉంటే ఆ గుట్టను దాని మానాన వదిలేయండి. పాకిపోతున్న సర్కారు తుమ్మను ఏటా పీకండి, అది ఇక్కడిది కాదు, అమెరికా ఖండాల నుంచి తెచ్చింది. పిల్ల మొక్కగా ఉన్నప్పుడే తీయాలి. నరికి వదిలేస్తే మోడు నుంచి గుబురుగా లేస్తుంది. ఇక నాటే సరదా అంటారా, రోడ్డు పక్కనో బడి ఆవరణలోనో వేప, కానుగ నాటి, వేర్లు నిలదొక్కుకునే దాకా వేసవిలో నీళ్లు పోయండి.